విదేశాంగ శాఖవారి అతిథి

ఫోను మోగేసరికి నేను స్టూలెక్కి ఉన్నాను. నేను పడిపోకుండా మా ఆయన రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ముందు గదికి అడ్డంగా తెర కట్టడానికి రాడ్డు బిగిస్తున్నాం. పది నిమిషాల పని. పొద్దుటి నుంచీ చేస్తున్నాం. కొత్తగా పెళ్లయినవాళ్ళకి ఏ పనైనా ఇంతసేపే పడుతుంది. పైగా మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎత్తు మీదున్న మనిషిని వదిలిపెట్టకూడదన్నది వాళ్ళ వృత్తిలో మొదటి నియమంట. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

"అక్కా, నీ ఫోను!" అని కేకేశాడు.

వదిన వంటింట్లోంచి వచ్చింది. చేతులకి సబ్బు నురగ ఉందని చిటికెన వేలితో నొక్కి స్పీకరు పెట్టింది.

"నమస్కారమండీ," అంది అవతల ఒక ఆడగొంతు, పట్టు పరిచినంత మెత్తగా. "విదేశాంగ శాఖ నుంచి మాట్లాడుతున్నాను. మానవ హక్కుల కోసం ధైర్యంగా నిలబడినవారిని మా శాఖ ఏటా సత్కరిస్తుంది. ఈసారి మంత్రిగారు మిమ్మల్ని ఎంపిక చేశారు."

"నన్నా? నేనేం చేశానండీ?"

"మీ దేశంలో జరిగిన కాల్పుల్లో గాయపడినవాళ్ళకి కట్లు కట్టారు. వద్దని బెదిరించినా కట్టారు. ఎంతమందికి ఏ గాయాలో బయటివాళ్ళకి చెప్పారు. జైలుకి కూడా వెళ్ళారు."

"కట్లు కట్టడం నా ఉద్యోగమండీ," అంది వదిన, ఏదో పొరపాటు జరిగింది, సరిచేద్దామన్నట్టు.

నేను స్టూలు మీంచి దూకేశాను. రాడ్డు మా ఆయన నెత్తిన పడింది. ఆయన "అబ్బా" అని నెత్తి పట్టుకుని, ఆ చేత్తోనే వాళ్ళక్కని పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. నురగంతా నా మొహం మీద పడింది. నా పెళ్లిలో కూడా ఇంత సందడి లేదు.

మా వదిన మా ఆయనకి సొంత అక్క. వాళ్ళ దేశంలో పెద్దాసుపత్రిలో నర్సు. మా ఆయన చదువుకని ముందే ఇక్కడికి వచ్చి, ఉద్యోగంలో చేరి, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే నాకు తన కళ్ళు చూపించుకోవడానికి మూడుసార్లు వచ్చి (కళ్ళు శుభ్రంగా ఉన్నాయి), చివరికి నన్ను పెళ్లి చేసుకున్నాడు. వదిన అలా రాలేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని, సామాన్ల లారీలో సరిహద్దు దాటింది. ఆ రోజు ఆమె కూతురికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. లారీలో పెడితే బతకదని తోటి నర్సు చేతిలో పెట్టి వచ్చేసింది. పాపని అందరం పిచ్చుక అంటాం. వదిన భర్త ఆ పిల్ల పుట్టకముందే జబ్బు చేసి పోయారు. పిచ్చుకకి ఇప్పుడు ఏడేళ్ళు. నేను ఆ పిల్లని ఫోనులో తప్ప చూడలేదు. అయినా నన్ను "అత్తా" అని ఎంత అధికారంతో పిలుస్తుందంటే, ఎక్కడున్నా చేతిలో పని వదిలేసి పరిగెత్తాలనిపిస్తుంది.

వదినకి ఇక్కడ ఉండే అనుమతి వస్తే పాపని తెప్పించుకోవచ్చు. అది రావడం లేదు. మొదటిసారి పెట్టుకున్న దరఖాస్తుకి శరణార్థుల కార్యాలయం వారు, 'మీరొక మామూలు నర్సు, మీ పేరు కూడా అక్కడి ప్రభుత్వానికి గుర్తుండదు, మిమ్మల్ని వెతికే అవసరం వాళ్ళకి లేదు, కాబట్టి తిరిగి వెళ్ళవచ్చు' అని జవాబిచ్చారు. మేం అప్పీలు చేసుకున్నాం. ఈలోగా వదిన ఉద్యోగం చేయకూడదు, ఊరు దాటకూడదు, వారం వారం వెళ్ళి ఆ కార్యాలయంలో సంతకం పెట్టి రావాలి.

ఇప్పుడేమో ఈ దేశపు మంత్రిగారే పిలిచి సత్కరిస్తారట!

ఫోను పెట్టేశాక వదిన కుర్చీలో కూర్చుంది. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయింది.

"అయితే ఇంక పాప వచ్చేస్తుంది," అంది.

అలా అనడం నేనెప్పుడూ వినలేదు. వదిన పొదుపు మనిషి, ముఖ్యంగా ఆశల దగ్గర. కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పడానికి కూడా రెండు గుక్కలు తాగి చూసే రకం.

ఆ సాయంత్రం పిచ్చుకకి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"నీ సంచి సర్దుకో తల్లీ."

"నిజంగానా? ఒట్టు?"

"ఒట్టు."

అవతల ఫోను కింద పడిన చప్పుడు. తర్వాత పరుగు. బీరువా తలుపు కిర్రుమనడం. మేం ముగ్గురం ఆ చప్పుళ్ళని పాటలా విన్నాం. "నా ఎర్ర చెప్పులు పట్టట్లేదే!" అని దూరం నుంచి కేక వినిపించింది. "పట్టకపోతే వదిలేసి రావే, ఇక్కడ మీ అత్త కొంటుంది," అంది వదిన. అప్పటికే నేనొక చిన్న దిండు కొని బీరువాలో దాచానని ఎవరికీ చెప్పలేదు. దిండు మీద చేపల బొమ్మలున్నాయి. షాపులో దాన్ని చూడగానే నా కాలు ముందుకు సాగలేదు.

"అక్కా, అప్పీలు ఇంకా తేలలేదు కదే," అన్నాడు మా ఆయన తర్వాత, నెమ్మదిగా.

"ఒరేయ్, నువ్వు అక్కడి సంగతులు మర్చిపోయావు. మన దగ్గర ఒక్క ఆఫీసు కన్నెర్ర చేస్తే నీళ్ళ కుళాయి వాడి దగ్గర నుంచీ అందరూ కన్నెర్ర చేసేవాళ్ళు. నన్ను జైల్లో పెట్టిన రోజు పాలవాడు కూడా పాలు పొయ్యలేదు. ప్రభుత్వమంటే ఒకటే మనిషిరా. ఆ మనిషికి నా మీద దయ కలిగింది. ఇంక అందరికీ కలుగుతుంది."

నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కాలేజీలో ప్రభుత్వ పాలన మీద రెండేళ్ళు చదువుకున్నాను. అయినా ఆ మాట ఎంత సబబుగా వినిపించిందంటే, నిజమే కదా అనుకున్నాను.

సత్కారం రోజున నా పెళ్లికి కొన్న నీలం కోటు వదినకి వేశాను. చేతులు పొట్టయ్యాయి. "నర్సులకి అదే మంచిది, చేతులు కడుక్కోవచ్చు," అంది. మా ఆయన మెడకి టై కట్టుకున్నాడు. నేను దాన్ని విప్పి మళ్ళీ కట్టాను. బాగానే ఉంది గానీ ఇంకోసారి కట్టాను.

విదేశాంగ శాఖ గేటు దగ్గర కాపలా అతను గుర్తింపు కార్డు అడిగాడు. వదిన పాస్‌పోర్టు శరణార్థుల కార్యాలయం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. దానికి బదులు వాళ్ళిచ్చిన కార్డు తీసి చూపించింది. దాని మీద ఎర్ర అక్షరాలతో 'ఈ వ్యక్తికి దేశంలో ఉండే హక్కు లేదు' అని ఉంటుంది.

అతను కార్డు చూశాడు, వదినని చూశాడు, చేతిలో ఉన్న అతిథుల జాబితా చూశాడు.

"అమ్మా, ఇందులో మీరు ముఖ్య అతిథి. ఈ కార్డు ప్రకారం మీరసలు ఇక్కడ లేరు. నేనేం చెయ్యను చెప్పండి? దండ వెయ్యనా, పోలీసుల్ని పిలవనా?"

"మీకేది తేలికైతే అది చెయ్యండి నాయనా," అంది వదిన. ఇద్దరూ నవ్వేశారు.

ఇంతలో లోపలి నుంచి ఒకావిడ మెట్ల మీద పరుగులాంటి నడకతో వచ్చింది. నోరు విప్పగానే ఫోనులో విన్న ఆ మెత్తటి గొంతే అని తెలిసిపోయింది. మా ఇంట్లో అప్పటికే ఆవిడ పేరు 'పట్టుగొంతు' అయిపోయింది. ఆవిడ కార్డు వెనక్కి తిప్పి పట్టుకుని, "మాతోనే ఉన్నారు," అని మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది.

మంత్రిగారు బాగా మాట్లాడారు. నిజంగా చాలా బాగా మాట్లాడారు. "గాయానికి కట్టు కట్టినందుకు ఒక నర్సును వేటాడే దేశం అది. ఈమెలాంటివారు అక్కడ ఒక్క రాత్రి కూడా భద్రంగా నిద్రపోలేరు. ఈ అన్యాయాన్ని మా దేశం చూస్తూ ఊరుకోదు," అన్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా చేతులు మంట పుట్టేలా కొట్టాను. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, టైతో.

వదిన సత్కారపు గాజు పలక అందుకున్నాక టీ ఇచ్చారు. మంత్రిగారు మా దగ్గరికి వచ్చి వదిన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలోనూ తడి ఉంది. నేను దగ్గర నుంచి చూశాను, అది నటన కాదు.

"మీకేం కావాలో అడగండమ్మా."

"మా పాప అక్కడ ఉండిపోయిందండీ. ఏడేళ్ళ పిల్ల."

ఆయన మొహం ఎర్రబడింది. "ఎంత దారుణం! పసిపిల్లని పట్టుకుని పంపించకుండా... ఆ ప్రభుత్వం మీద ఎంత ఒత్తిడి తేవాలో అంతా తెస్తాం."

"వాళ్ళు పంపిస్తామనే అంటున్నారండీ," అంది వదిన మెల్లగా. "పాపకి పాస్‌పోర్టు కూడా ఇచ్చేశారు. రానివ్వనిది మీరు."

ఆయన చేతులు వదల్లేదు గానీ పట్టు సడలింది. పక్కనున్న పట్టుగొంతు వంక చూశారు. ఆవిడ నేల చూపులు చూసింది. "అది... అది వేరే శాఖ చూసే విషయమమ్మా. అందులో మేం జోక్యం చేసుకోకూడదు," అన్నారు. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

అప్పటికీ మాకు ఆశ పోలేదు. మా అప్పీలు వాదించే వకీలమ్మయితే మొహం చేటంత చేసుకుంది. ఆవిడ సంచికి జిప్పు ఉండదు, నోటికి తీరిక ఉండదు, ఎప్పుడూ బిస్కెట్టు నములుతూనే ఉంటుంది. "మంత్రి నోటితోనే చెప్పాడు కదా, భద్రత లేదని! ఇంకా నేను వాదించేదేముంది? ఆయన ప్రసంగం చదివి కూర్చుంటాను, అంతే!" అంది.

అప్పీలు విన్న అధికారి చాలా మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. ఆయన కళ్ళజోడుకి ముక్కు మీద ఆనే మెత్తలు ఊడిపోయాయి. చదువుతున్నంతసేపూ జారిపోతూనే ఉంది. షాపులో అయితే నిమిషంలో వేసిచ్చేదాన్ని. మెత్తలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి కూడా. ఇవ్వాలని ఎంత అనిపించిందో!

వకీలమ్మ ప్రసంగం చదివింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"విదేశాంగ శాఖ మాటలు విదేశాల కోసం చెప్పినవండీ. మేం వాటిని సాక్ష్యంగా తీసుకోం," అన్నాడు. "పైగా ఇంకో సంగతి. ఈ సత్కారం అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఇప్పుడు ఈమెకేదైనా జరిగితే ఆ దేశానికే అప్రతిష్ట. కాబట్టి ఈమెకి ప్రమాదం మునుపటి కన్నా తగ్గిందని మేం భావిస్తున్నాం."

వకీలమ్మ నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది.

వదిన లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "నేనెవరో ఎవరికీ తెలీదు కాబట్టి నన్నేమీ చెయ్యరని మొదట అన్నారు. ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి ఏమీ చెయ్యరంటున్నారు. ప్రమాదం రావాలంటే మనిషి ఎంతమందికి తెలిసి ఉండాలండీ?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. దరఖాస్తు రెండోసారి తిరస్కరించినట్టు రాసుకున్నాడు.

ఇంకా పై కోర్టు ఉందని వకీలమ్మ మెట్లు దిగుతున్నంతసేపూ చెబుతూనే ఉంది. వదిన తల ఊపుతూనే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఫోను బరువెక్కిపోయింది. పిచ్చుక రోజూ అడుగుతుంది, "రేపేనా?" అని. వదిన "ఇంకొన్నాళ్ళు" అంటుంది. సంచి విప్పెయ్యమని మాత్రం చెప్పలేకపోయింది. పెంచుతున్న నర్సమ్మ చెప్పింది, ఆ పిల్ల పొద్దున్నే సంచిలోంచి బ్రష్షు తీసి, పళ్ళు తోముకుని, తుడిచి, మళ్ళీ సంచిలోనే పెట్టేస్తోందిట. గౌను కూడా అంతే. ఉతికి ఆరగానే మడతపెట్టి లోపలికి.

అది విన్నప్పటి నుంచీ మా స్నానాల గదిలో ఒకే గ్లాసులో ఉన్న మా ఇద్దరి బ్రష్షుల్ని చూస్తే నాకు ఏదోలా ఉంటోంది. పెళ్లయిన కొత్తలో వాటిని చూసుకుని ఎంత మురిసిపోయానో! నీలంది ఆయనది, పచ్చది నాది, ఒకదాని మీద ఒకటి తల వాల్చి. వదిన బ్రష్షు వేరే గ్లాసులో ఉంటుంది. ఆ గ్లాసులో ఇంకో బ్రష్షుకి చోటుంది. నేను రోజూ ఆ ఖాళీనే చూస్తున్నాను.

తెర మాత్రం కట్టేశాం. తెరకి అవతల వదిన మంచం. మేం ఇవతల నవ్వుకుంటే వినపడుతుందని దుప్పట్లో మొహాలు దాచుకుంటాం. "నవ్వండర్రా, నవ్వితే నేనేం కరిగిపోను," అంటుంది అవతల నుంచి. "ఒరేయ్ తమ్ముడూ, దాన్ని అంతలా ఉడికించకు. నా మరదలు అమాయకురాలు." నేను సంతోషంగా ఉండటం వదినకి ఇష్టం. అందుకే నాకు అప్పుడప్పుడు ఏడుపొస్తుంది. ఇంత చిన్న ఇంట్లో ఇంత సంతోషం ఉంది కదా, దాంట్లో ఒక మూల పట్టేంత పిల్లని రానివ్వడానికి ఎవరికేం అడ్డం అని.

నిన్నటి దాకా ఇలాగే ఉన్నాం. ఇవాళ మధ్యాహ్నం, నేనూ మా ఆయనా భోజనానికి ఇంటికి వచ్చిన వేళకి, పట్టుగొంతు మళ్ళీ ఫోను చేసింది.

"రేపు పెద్ద సమావేశం ఉందండీ. చాలా దేశాల ప్రతినిధులు వస్తున్నారు. మంత్రిగారు మీ దేశం మీద గట్టిగా మాట్లాడబోతున్నారు. ఆయన తర్వాత మీరు ఐదు నిమిషాలు మాట్లాడితే బాగుంటుందని ఆయన కోరిక. పది గంటలకి కారు పంపిస్తాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దని చెప్పెయ్యమని వదినకి సైగ చేశాను. మా ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు.

"పదికి కుదరదండీ," అంది వదిన. "రేపు నేను సంతకం పెట్టాల్సిన రోజు. రాకపోతే పారిపోయానని రాసుకుంటారు."

"ఎక్కడ సంతకం?"

"శరణార్థుల కార్యాలయంలో."

"ఇంకా పెడుతున్నారా? మీ అప్పీలు... మీకు అనుమతి వచ్చేసిందనుకున్నాను. సత్కారం తర్వాత..."

"నేనూ అలాగే అనుకున్నానండీ. రెండోసారి కూడా కాదన్నారు. మీరు సత్కరించారు కాబట్టి ఇంక నాకు భయం లేదట."

ఫోను తెగిపోయిందేమోనని మా ఆయన వంగి చూశాడు. లేదు, ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"నాకు తెలీదండీ," అంది చివరికి. పట్టు ఎక్కడికి పోయిందో, మామూలు గొంతు. "ఆ ప్రసంగం రాసింది నేనే. మీ ఆసుపత్రి గురించి ప్రతి మాటా విచారించి రాశాను. నాకు నిజంగా తెలీదు."

"మీరేం బాధపడకండి. మీరు రాసింది నిజమే కదా," అంది వదిన. నర్సులు రోగి బంధువులతో మాట్లాడే గొంతు అది. "రేపు నేను వస్తాను. మీ కారు ఒక గంట ముందు పంపండి. ముందు ఆ కార్యాలయానికి పోనిమ్మని చెప్పండి. లైను పెద్దగా ఉంటుంది. వీలైతే మీరు కూడా రండి, నాతో నిలబడుదురు గాని."

"వస్తాను. నేనే వస్తాను."

ఫోను పెట్టేశాక మేమిద్దరం వదిన మీద పడ్డాం.

"ఎందుకే అక్కా, వాళ్ళకి ఇంకో ఫొటో కావాలి, అంతే!" అన్నాడు మా ఆయన.

"నువ్వు వెళ్తే, చూశారా ఎంత ధైర్యంగా తిరుగుతోందో, ఇంకా ప్రమాదమేమిటని రేపు దాన్నీ రాసుకుంటారు వదినా," అన్నాను నేను.

వదిన ఫోను తీసి పాప నంబరు నొక్కింది. అవతల ఎత్తగానే ఎప్పటిలాగే, "అమ్మా, రేపేనా?" అని వినిపించింది.

"రేపు నువ్వు రావట్లేదు తల్లీ," అంది వదిన. తిరస్కరణ వచ్చాక మొదటిసారి ఆ మాట అనగలిగింది. "ఎందుకు రాకూడదో నాకు చెప్పడం చేతకావట్లేదు. చెప్పాల్సిన ఆయన వేరే ఉన్నారు. రేపు బడికి వెళ్ళకు. ఫోను దగ్గరే కూర్చో."

ఫోను పెట్టి మా వైపు తిరిగింది.

"మీరిద్దరూ రేపు సెలవు పెట్టండి. తొమ్మిదికి కారొస్తుంది. ముందు లైన్లో నిలబడి సంతకం పెడదాం, అక్కణ్ణుంచి సభకి. నాకిచ్చిన ఐదు నిమిషాల్లో నేనేం మాట్లాడను. రెండోసారి ఎందుకు కాదన్నారో అది చదువుతాను. తర్వాత ఫోను మైకు దగ్గర పెట్టి, అంతమంది ముందూ మా పిచ్చుకకి జవాబు చెప్పమని మంత్రిగారినే అడుగుతాను."